ఓట్లు అవే, గెలిచింది వేరు: తరగతిలో ఆడుకునే ఒక ఎన్నికల ఆట

ఎన్నిక అనే మాటలోనే లెక్క ఉంది. ఎన్నడమంటే లెక్కపెట్టడం. ఎన్నలేనన్ని అంటే లెక్కకి అందనన్ని. ఎన్నదగిన మనిషి అంటే లెక్కలోకి తీసుకోవలసిన మనిషి. ఓటు వేయడం ఎన్నికలో సగం, వేసిన ఓట్లని ఎన్నడం మిగతా సగం అని మన భాష ముందే చెప్పి పెట్టింది. మనం మాత్రం మొదటి సగం గురించే మాట్లాడుకుంటాం. ఎవరికి వేశావు, ఎందుకు వేశావు, వేలి మీద సిరా ఏదీ చూపించు అనే మాటలతోనే పోలింగు రోజు గడిచిపోతుంది. ఎలా ఎన్నుతారు అన్నది రాజనీతిశాస్త్రం పుస్తకంలో రెండు పేజీల పాఠం. పరీక్షకి బట్టీపడతాం, మర్నాటికి మరిచిపోతాం.

ప్లస్ త్రీ మొదటి ఏడాదిలో చేరిన చెల్లెళ్లలో చాలామందికి ఇప్పుడిప్పుడే పద్దెనిమిదేళ్లు నిండుతున్నాయి. 61వ రాజ్యాంగ సవరణ 1989లో అమల్లోకి వచ్చేదాకా ఓటు రావాలంటే 21 ఏళ్లు నిండాలి. ఇప్పుడు కాలేజీలో ఉండగానే ఓటు చేతికొస్తోంది. దానితోపాటు లెక్క కూడా తెలియాలి కదా! ఆ లెక్క చదివితే అర్థమైనట్టే ఉంటుంది గానీ ఆడితేనే ఒంటబడుతుంది. మా మూడో ఏడాది వాళ్లం రెండు పీరియడ్లు కలిపి ఈ ఆట ఆడాం. ఎవరైనా ఆడుకోవడానికి వీలుగా మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ఆటకి కావలసినవి

ముప్పైమంది ఓటర్లు, ముప్పై చీటీలు, ఒక అట్టపెట్టె, నల్లబల్ల, సుద్దముక్క. ఇంకో ఇద్దరు ఎన్నికల అధికారులు. వాళ్లకి ఓటు లేదు, లెక్క మాత్రమే.

ఒక ఊరు అనుకోండి. పేరు మీ ఇష్టం. అందులో మూడు వీధులు: రైతు వీధి, నేత వీధి, రేవు వీధి. పంచాయతీకి కొంత డబ్బు వచ్చింది. ఒక్క పనికే సరిపోతుంది. ముగ్గురు అభ్యర్థులు నిలబడ్డారు. "గంప" గుర్తు గెలిస్తే కాలువ బాగుచేయిస్తుంది. "మగ్గం" గెలిస్తే నేత షెడ్డు కట్టిస్తుంది. "కడవ" గెలిస్తే మంచినీళ్ల ట్యాంకు కట్టిస్తుంది. గుర్తులు పెట్టడం మన దేశానికి మొదటినుంచీ అలవాటే. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో చదువురాని ఓటర్లు ఇబ్బంది పడకూడదని ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అతికించారు.

ఇప్పుడు చీటీలు. ప్రతి చీటీలో మీరు ఏ వీధివాళ్లో, మీ వరస ఏమిటో రాసి ఉంటుంది.

రైతు వీధి, 12 చీటీలు: మొదట గంప, తర్వాత కడవ, చివర మగ్గం.
నేత వీధి, 10 చీటీలు: మొదట మగ్గం, తర్వాత కడవ, చివర గంప.
రేవు వీధి, 8 చీటీలు: మొదట కడవ, తర్వాత మగ్గం, చివర గంప.

చీటీలు మడిచి పెట్టెలో వేసి కలిపి, ఒక్కొక్కరూ ఒక్కోటి తీయాలి. ఎవరి చీటీ ఏదైతే ఆ పీరియడ్ అయ్యేవరకు వాళ్లు ఆ వీధి మనిషే. ఇది తప్పనిసరి నియమం. మనం మనలాగే ఓటేస్తే పక్క బెంచీ స్నేహాలే గెలుస్తాయి. చీటీ పట్టుకుంటే ఎప్పుడూ కలిసి టిఫిన్ తినే ఇద్దరు చెరో వీధిలో పడతారు. అక్కడే ఆట మొదలవుతుంది. ప్రచారానికి పది నిమిషాలు ఇవ్వండి. రేవు వీధి వాళ్లు బిందెడు నీళ్లకి ఎంత దూరం నడుస్తున్నారో చెప్పాలి, నేత వీధి వాళ్లు వానాకాలంలో మగ్గం గుంటలోకి నీళ్లు ఎలా వస్తాయో చెప్పాలి. మనకి తెలియని బతుకు గురించి రెండు నిమిషాలు మాట్లాడాలంటే ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

మొదటి ఆట: ఒక్కరే గెలవాలి

ముందు మనకి అలవాటైన పద్ధతి. ఒక్కొక్కరికి ఒక్క ఓటు, ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లే. గంపకి 12, మగ్గానికి 10, కడవకి 8. గంప గెలిచింది. రైతు వీధి చప్పట్లు కొట్టింది.

అధికారులు బల్ల తుడిచి, అవే చీటీలు రెండో పద్ధతిలో ఎన్నారు. గెలవాలంటే సగం కంటే ఎక్కువ రావాలి, అంటే 16. ఎవరికీ రాలేదు. అందుకని అందరికంటే తక్కువ వచ్చిన కడవని తీసేశారు. ఆ 8 మంది చీటీల్లో రెండోది ఎవరో చూశారు. మగ్గం. పది, ఎనిమిది కలిపి 18. గంప 12 దగ్గరే ఆగిపోయింది. మగ్గం గెలిచింది.

"ఏటే ఇది! ఇందాక మేమే కదే గెలిచాం" అని రైతు వీధి నుంచి ఒక గొంతు. అధికారి బల్ల వైపు చూపించింది. ఒక్క చీటీ కూడా మారలేదు.

మూడో పద్ధతి. ఇద్దరిద్దరిని పోటీ పెట్టి చూడటం. కడవా గంపా అని అడిగితే నేత వీధి, రేవు వీధి కడవ వైపు ఉంటాయి: 18కి 12. కడవా మగ్గమా అని అడిగితే రైతు వీధి, రేవు వీధి కడవ వైపు: 20కి 10. ఎవరితో పోటీ పెట్టినా కడవే గెలుస్తోంది. మొదటి పద్ధతిలో ఆఖరున నిలిచి, రెండో పద్ధతిలో అందరికంటే ముందు ఇంటికెళ్లిన కడవ!

నాలుగోది మార్కుల పద్ధతి. మొదటి స్థానానికి 2, రెండోదానికి 1, మూడోదానికి సున్న. గంపకి 24, మగ్గానికి 28, కడవకి 38. ఇక్కడా కడవే.

మూడు ఫలితాలూ నిజమే. ఎక్కడా మోసం లేదు. ఎక్కువమందికి మొదట ఇష్టమైనది ఏది అని అడిగితే గంప. బాగా ఇష్టపడేవాళ్లు, అస్సలు వద్దనేవాళ్లు ఉన్న ఇద్దరిలో ఎవరు అని అడిగితే మగ్గం. అందరూ సర్దుకోగలిగేది ఏది అని అడిగితే కడవ. పద్ధతి మారితే ఊరిని అడిగే ప్రశ్న మారుతుంది, ప్రశ్న మారితే జవాబు మారుతుంది.

తెలివికి పోతే ఏమవుతుంది

ఇక్కడ నేత వీధి వాళ్లకి ఒక ఆలోచన వచ్చింది. మార్కుల పద్ధతిలో తమకి అడ్డం కడవే. కడవని రెండో స్థానంలో రాస్తే దానికి పది మార్కులు ఊరికే ఇచ్చినట్టు. అందుకని మళ్లీ ఓటేద్దాం అని అడిగి, పదిమందీ కూడబలుక్కుని కడవని ఆఖరుకి తోసేశారు. రెండో స్థానంలో గంపని రాశారు. గంప ఎలాగూ గెలవదులే అనుకున్నారు.

లెక్క చూడండి. కడవ 38 నుంచి 28కి దిగింది. మగ్గం 28 దగ్గరే ఉంది. గంపకి 24 ఉండేవి, నేత వీధి ఇచ్చిన పదితో 34 అయ్యాయి. గంప గెలిచింది. వాళ్లకి అందరికంటే ఇష్టం లేనిదాన్ని వాళ్లే గెలిపించారు. తన వేలితో తన కన్నే పొడుచుకోవడం అంటే ఏమిటో ఆ పదిమందికీ సామెతల పుస్తకం తెరవకుండానే అర్థమైంది.

ఏ పద్ధతిలోనైనా ఇలాంటి సందులు ఉంటాయి. మొదటి పద్ధతిలో గెలవని మనిషికి వేస్తే ఓటు వృథా అని భయం. మూడో పద్ధతిలో ఒక్కోసారి మొదటి మనిషి రెండో మనిషిని, రెండో మనిషి మూడో మనిషిని, మూడో మనిషి మళ్లీ మొదటి మనిషిని ఓడించి, గుండ్రంగా తిరిగి ఎవరూ గెలవని పరిస్థితి వస్తుంది. లోపం లేని పద్ధతి కోసం వెతకడం కంటే ఏ లోపం ఎవరి మీద పడుతోంది అని చూడటం మేలు.

మన బరంపురం మనిషి ఎన్నిక

రెండో పద్ధతి పుస్తకాల్లోనే ఉండే ముచ్చట అనుకోకండి. మన రాష్ట్రపతిని ఇలాగే ఎన్నుకుంటారు. ఎంపీలు, ఎమ్మెల్యేలు అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని వరస రాస్తారు. ఒక్కొక్కరి ఓటుకి ఒక విలువ ఉంటుంది. ఆ విలువలన్నీ కలిపిన మొత్తంలో సగం దాటినవాళ్లే గెలిచినట్టు.

1969లో ఈ లెక్క దేశం మొత్తాన్ని కూర్చోబెట్టింది. పోటీలో ముఖ్యులు ముగ్గురు. 1894లో మన బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి గారు, అనంతపురం జిల్లాకి చెందిన నీలం సంజీవరెడ్డి గారు, సి.డి.దేశ్‌ముఖ్ గారు. సంజీవరెడ్డి గారు కాంగ్రెస్ అధికార అభ్యర్థి. గిరి గారు స్వతంత్రుడు. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయండి అని ప్రధాని ఇందిరాగాంధీ పిలుపునిచ్చారు.

మొత్తం విలువ 8,36,337. గెలవడానికి కావలసింది 4,18,169. మొదటి లెక్కలో గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769. ఎవరికీ సగం రాలేదు. కింది నుంచి ఒక్కొక్కరినీ తొలగిస్తూ వాళ్ల ఓట్లని తర్వాతి వరసకి బదిలీ చేశారు. చివరికి గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427.

గిరి గారు రెండో ప్రాధాన్య ఓట్లతో గెలిచారు అని చాలా చోట్ల ఒక్క వాక్యంలో రాసేస్తారు. ఆట ఆడినవాళ్లు అక్కడ ఆగరు, తీసివేత చేస్తారు. బదిలీలో గిరి గారికి కొత్తగా వచ్చింది 18,562. సంజీవరెడ్డి గారికి వచ్చింది 91,879. బదిలీ ఓట్లలో పెద్ద వాటా ఓడిపోయినాయనకే వెళ్లింది! అయినా మొదటి లెక్కలో ఉన్న ఆధిక్యం గిరి గారిని ఒడ్డుకి చేర్చింది. ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లే అనే పద్ధతిలోనైనా ఆయనే గెలిచేవారు. అయితే ఆ గెలుపు సగం దాటిన గెలుపు అని చెప్పగలిగింది ఈ పద్ధతి వల్లే.

రెండో ఆట: ముగ్గురు గెలవాలి

ఇప్పుడు అదే ఊరికి ముగ్గురు సభ్యుల కమిటీ కావాలి. వీధికొక అభ్యర్థి కాకుండా వార్డుకొక సభ్యురాలు అనుకుందాం. ముప్పైమందిని పదేసి మంది చొప్పున మూడు వార్డులు చేయాలి. వార్డులో ఏ వీధివాళ్లు ఎక్కువుంటే ఆ వీధి మనిషి గెలుస్తుంది.

మొదటి పటం. ఒకటో వార్డులో రైతులు 5, నేత 3, రేవు 2. రెండో వార్డులో 4, 3, 3. మూడో వార్డులో 3, 4, 3. ఫలితం: రైతు వీధికి రెండు సీట్లు, నేత వీధికి ఒకటి, రేవు వీధికి సున్న.

రెండో పటం. ఒకటో వార్డులో రైతులు 8, నేత 1, రేవు 1. రెండో వార్డులో 2, 7, 1. మూడో వార్డులో 2, 2, 6. ఫలితం: తలా ఒకటి.

మనుషులు అవే ముప్పై. రెండు పటాల్లోనూ రైతులు 12, నేత 10, రేవు 8. సుద్దముక్కతో గీసిన గీత జరిగింది, అంతే. మొదటి పటం గీసినప్పుడు రేవు వీధి చీటీ ఉన్న అమ్మాయి అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "మేం ఎనిమిదిమందిమి ఉన్నాం కదా, మరి మేం ఏమైనట్టు?" అసలు జీవితంలో ఆమెది రేవూ కాదు, పల్లే కాదు. చీటీ ఆమె చేత ఆ మాట అడిగించింది.

ఇది మన రాష్ట్రంలో జరిగిన సంగతే. 2024 ఒడిశా శాసనసభ ఎన్నికల్లో బిజూ జనతాదళ్‌కి సుమారు 40.2 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 51. భారతీయ జనతా పార్టీకి సుమారు 40.1 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 78. మొత్తం సీట్లు 147. ఎవరు మంచి, ఎవరు చెడ్డ అనే చర్చ ఈ పత్రికది కాదు. ఓట్లు ఎన్ని అన్నదానితోపాటు అవి ఎక్కడ పడ్డాయి అన్నది కూడా సీట్లని నిర్ణయిస్తుంది అని చెప్పడానికే ఈ అంకెలు.

గీతలే లేకపోతే? అదే మూడో లెక్క. ఊరంతా ఒకే వార్డు. అందరూ 1, 2, 3 వరస రాస్తారు. ఒక సీటు దక్కాలంటే ఎన్ని ఓట్లు కావాలి? ఓట్లని సీట్ల కంటే ఒకటి ఎక్కువతో భాగించి, వచ్చినదానికి ఒకటి కలపాలి. 30ని 4తో భాగిస్తే 7, శేషం వదిలేయండి. ఒకటి కలిపితే 8. రైతులకి 12, ఒక సీటు. నేతకి 10, ఒక సీటు. రేవుకి సరిగ్గా 8, ఒక సీటు. రేవువాళ్లు ఒకే వీధిలో ఉన్నా, ఊరంతా చెదిరి ఉన్నా లెక్క మారదు.

రాజ్యసభకి జరిగే ఎన్నిక ఇదే పద్ధతి. మన శాసనసభలో 147 మంది. మూడు సీట్లకి ఎన్నిక జరిగితే పై సూత్రం వేసి చూడండి: ఒక సీటుకి 37 మంది ఎమ్మెల్యేల మద్దతు కావాలి.

దీనికీ ఖర్చుంది. లెక్క ఆలస్యమవుతుంది. ఓటరుకి వరస రాయడం రావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నా వార్డు మెంబరు ఫలానా ఆమె, కుళాయి రాకపోతే ఆమె గుమ్మం ముందు నిలబడతాను అనే ధీమా తగ్గుతుంది. వార్డు పద్ధతిలో ఉన్న బలం అది.

1957లో గిరి గారి ఓటమి

ఎక్కువమందిని ఒకేసారి ఎన్నుకునే పద్ధతికి ఇంకో రూపం మన దగ్గర ఉండేది. అదే ద్విసభ్య నియోజకవర్గం. ఒక స్థానానికి ఇద్దరు సభ్యులు, అందులో ఒక సీటు రిజర్వు. ప్రతి ఓటరుకీ రెండు ఓట్లు, రెండూ ఒకరికే వేయకూడదు. ముందు రిజర్వు వర్గం అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవాళ్లకి రిజర్వు సీటు ఇస్తారు. తర్వాత మిగిలినవాళ్లందరిలో ఎక్కువ వచ్చినవాళ్లకి రెండో సీటు.

1957లో గిరి గారు పార్వతీపురం లోక్‌సభ స్థానం నుంచి పోటీ చేశారు. అది ద్విసభ్య స్థానం, ఒక సీటు షెడ్యూల్డు తెగలది. ఓట్లు లెక్కపెడితే మొదటి రెండు స్థానాల్లో నిలిచిన ఇద్దరూ గిరిజన అభ్యర్థులే. గిరి గారు మూడో స్థానంలో, వెయ్యి కంటే తక్కువ ఓట్ల తేడాతో ఆగిపోయారు. రిజర్వు సీటు ఒక్కటే కదా, రెండో సీటు నాది కావాలి అని ఆయన కోర్టుకి వెళ్లారు. సుప్రీంకోర్టు 1959లో ఆయన వాదన ఒప్పుకోలేదు. రిజర్వేషన్ అనేది ఇంతకి తగ్గకూడదు అనే హామీ, ఇంతకి మించకూడదు అనే గీత కాదు అని ఆ తీర్పు సారం. 1961లో చట్టం చేసి ద్విసభ్య స్థానాలని ఎత్తేశారు.

పన్నెండేళ్ల తర్వాత రాష్ట్రపతి అయిన మనిషే ఈయన. దేశంలో ఎన్నదగిన నాయకుడైనా లెక్క ముందు అందరిలాగే నిలబడాల్సిందే.

మూడో ఆట: చీటీ విప్పకముందు

ఇది చిన్నదే, కానీ నాకు ఆట మొత్తంలో అసలైనది ఇదే అనిపించింది. చీటీలు మళ్లీ పెట్టెలో వేసి కలపండి. అందరూ తీసుకోండి, విప్పకండి. ఇప్పుడు అధికారి అడుగుతుంది: "కమిటీకి ఏ పద్ధతి పెడదాం?" చేతులెత్తించి లెక్క రాసుకోవాలి. తర్వాత చీటీలు విప్పించి అదే ప్రశ్న మళ్లీ అడగాలి.

మేం ఆడినప్పుడు విప్పకముందు ఎక్కువ చేతులు వరస రాసే పద్ధతికి లేచాయి. నా చీటీ రేవుది అయితే అనే భయం అందరికీ సమానంగా ఉంది మరి. విప్పాక రైతు వీధి చేతులు ఒక్కొక్కటిగా మొదటి పటం వైపు జారిపోయాయి. ఎవరూ చెడ్డవాళ్లు కారు. తమకి లాభం ఉన్నచోట న్యాయం కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే పద్ధతిని ఓట్లు పడకముందే, ఎవరు ఏ వైపో తేలకముందే ఒప్పుకోవాలి. లెక్కకి ముందు నోటికి పని, లెక్క తర్వాత కాదు.

ఇది మనకి దూరపు సంగతి కాదు. ఈ జిల్లాలో తెలుగువాళ్లం కొన్ని వీధుల్లో గుంపుగా ఉంటాం, కొన్ని ఊళ్లలో నాలుగిళ్లే ఉంటాం. గుంపుగా ఉన్నచోట మన మాట వినిపిస్తుంది, చెదిరి ఉన్నచోట వినిపించదు. తెలుగు ఊళ్ల మధ్య ఉండే ఒడియా ఇళ్లకీ అదే లెక్క. ఇక ఆడవాళ్లం. ప్రతి వీధిలోనూ, ప్రతి వార్డులోనూ దాదాపు సగం మనమే. ఏ గీత గీసినా మనం ఒకచోట గుంపు కాలేం. వార్డుల పటం ఎంత న్యాయంగా గీసినా ఆడవాళ్ల కొరత తీరదని దీన్నిబట్టి తెలుస్తోంది. పంచాయతీల్లో 73వ సవరణ, లోక్‌సభకీ శాసనసభలకీ 2023లో చేసిన 106వ సవరణ మూడోవంతు సీట్లని విడిగా ఎందుకు కేటాయించాయో రెండో ఆట ఆడాక మళ్లీ చదవండి. అప్పుడు అది బట్టీపట్టే పాఠంలా ఉండదు.

మీకొక లెక్క

ఊరికి ముగ్గురు కాకుండా ఇద్దరు సభ్యులే కావాలి అనుకోండి. వీధికొక అభ్యర్థి, అవే గుర్తులు, అవే ముప్పై చీటీలు, వరస రాసే పద్ధతి. ఒక సీటుకి ఎన్ని ఓట్లు కావాలి? ఎవరెవరు గెలుస్తారు? ఒక సూచన: కావలసినదానికంటే ఎక్కువ వచ్చిన ఓట్లు వృథా పోవు, ఆ చీటీల్లో రెండో పేరుకి వెళ్తాయి. సమాధానం కాగితం మీద అంచెలంచెలుగా రాసి, ఈ గోడపత్రిక కింద ఉన్న పెట్టెలో వేయండి. సరైనవాటిలో అన్నిటికంటే తేలిగ్గా అర్థమయ్యేలా రాసినదాన్ని వచ్చే సంచికలో ఇక్కడే అతికిస్తాం. ఆట చీటీలు శాఖ గది బీరువాలో ఉన్నాయి. మేడమ్‌ని అడిగి తీసుకోండి, ఆడాక ముప్పై ఉన్నాయో లేదో ఎన్ని మరీ తిరిగి పెట్టండి.